డెకోరాలో నాలుగు రోజులు

మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్‌లో మా అబ్బాయి ఇంటికి వచ్చిన కొత్తలో, చుట్టుపక్కల చూడవలసినవి ఏమున్నాయని అడిగితే వాడు నవ్వి, "మొక్కజొన్న చేలు, ఆ పక్కన సోయా చేలు, వాటి పక్కన మళ్ళీ మొక్కజొన్న చేలు నాన్నా" అన్నాడు. వ్యవసాయ శాఖలో ముప్పై రెండేళ్ళు పనిచేసి తెనాలిలో స్థిరపడ్డ నాకు చేలు చూడటంలో విసుగేమీ లేదు గానీ, షికాగో, నయాగరా చూసి వచ్చిన మా ఆవిడకు మాత్రం ఆ జవాబు రుచించలేదు. చివరకు కోడలే దక్షిణంగా గంటంబావు ప్రయాణంలో, అయోవా రాష్ట్రపు సరిహద్దు దాటగానే ఉన్న డెకోరా అనే చిన్న ఊరు పేరు చెప్పింది. జనాభా ఏడున్నర వేలు. జులై చివరి వారంలో అక్కడ నార్వే సంతతి వాళ్ళు 1967 నుంచి నార్డిక్ ఫెస్ట్ అనే పండుగ చేసుకుంటున్నారట. మా ఇద్దరితో పాటు కొడుకు, కోడలు, తొమ్మిదేళ్ళ మనవడు, వెరసి అయిదుగురం బయలుదేరాము. తిరిగి వచ్చి మూడు రోజులైంది. కాళ్ళ నొప్పులు ఇంకా తగ్గలేదు కనుక కూర్చుని రాసుకునేందుకు ఇదే తగిన సమయం.

గురువారం: పడమటి ఇల్లు

హార్మొనీ అనే ఊరి దగ్గర మా ముందు నల్లటి గుర్రపు బగ్గీ ఒకటి నింపాదిగా పోతోంది. ఆమిష్ వాళ్ళది. కరెంటు, కారు వద్దనుకుని బతికే ఆ మనుషుల వెనుక మా కారు అయిదారు నిమిషాలు నత్తనడక నడిచింది. వెనుక మరో నాలుగు కార్లు చేరినా ఎవరూ హారన్ కొట్టలేదు. కారులో మా ఆవిడ మనవడికి తెలుగు అంకెలు నేర్పిస్తోంది. పది వరకు వాడు గడగడ చెబుతాడు, పదకొండు నుంచి నడక నెమ్మదిస్తుంది, పంతొమ్మిది దగ్గర బండి ఆగిపోతుంది.

అంతవరకు బల్లపరుపుగా ఉన్న నేల అయోవా దగ్గరపడే కొద్దీ మడతలు పడటం మొదలుపెట్టింది. చివరి మంచుయుగంలో హిమానీనదాలు ఈ చుట్టుపక్కల నేలనంతా చదును చేసినా, ఈ మూలను మాత్రం ముట్టుకోలేదట. అందుకే ఇక్కడ సున్నపురాతి కొండలు, లోయలు, ఊటలు మిగిలాయి. అప్పర్ అయోవా నది ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. ఇంకో వింత, ఈ ఊరి కింద 47 కోట్ల ఏళ్ళ నాటి ఉల్కాపాతపు గొయ్యి పూడిపోయి ఉంది. పైన నడిచేవాడికి దాని జాడ ఏమీ తెలియదు.

మధ్యాహ్నం వెస్టర్‌హైమ్ మ్యూజియానికి వెళ్ళాము. ఆ మాటకు పడమటి ఇల్లు అని అర్థం. ఈ ఊళ్ళోనే ఉన్న లూథర్ కాలేజీ వాళ్ళు 1877లో సేకరించడం మొదలుపెట్టిన సామాను ఈనాడు నార్వే వలసదారుల కథ చెప్పే పెద్ద సంస్థగా ఎదిగింది. లోపల ఇరవై అయిదు అడుగుల తెరచాప పడవ ఒకటి నిలబెట్టి ఉంది. 1933లో ఇద్దరు అన్నదమ్ములు దానిమీదే అట్లాంటిక్ దాటి అమెరికా చేరారట. దాని పక్కన నిలబడి చూస్తే మన సూర్యలంక రేవులో చేపల పడవకు పెద్దగా తీసిపోదు, మించిపోదు కూడా.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం పెట్టెలు. వలస వచ్చిన ప్రతి కుటుంబమూ తెచ్చుకున్న కొయ్య పెట్టె, ఇనుప పట్టీలు, మూత మీద యజమాని పేరు, సంవత్సరం, చుట్టూ తీగలు తీగలుగా మెలికలు తిరిగిన పువ్వుల రంగులు. ఆ చిత్రకళను రోజ్‌మాలింగ్ అంటారు. మా ఆవిడ ఒక పెట్టె ముందు ఆగి, "మా అమ్మమ్మ భోషాణం అచ్చం ఇలాగే ఉండేదండీ, పువ్వులు ఒక్కటే తక్కువ" అంది. ఆ భోషాణం వంటచెరకు కింద పోయిందన్న సంగతి మా ఇద్దరికీ తెలుసు కనుక నేను మారు మాట్లాడలేదు.

ఇంకొక గదిలో ఈ ఊరి నుంచి వెలువడిన నార్వే భాషా పత్రిక సంగతి తెలిసింది. డెకోరా పోస్టెన్ అనే ఆ పత్రిక 1874లో మొదలై 1972 దాకా నడిచింది. దాదాపు శతాబ్దం. చదివే వాళ్ళు మనవల తరానికి వచ్చేసరికి పల్చబడ్డారు. మా అబ్బాయి ఆ మాట విని మనవడి వైపు చూశాడు. వాడు పడవ కింద దూరి తాడు ముళ్ళు లెక్కపెడుతున్నాడు, ఇంగ్లీషులో.

ఊరి పేరు గురించి కూడా చెప్పాలి. అది నార్వే పేరు కాదు. హో-చంక్ అనే ఆదివాసీ తెగ నాయకుడు వాకన్ డెకోరా పేరు. జిల్లా పేరు విన్నెషీక్, అదీ మరో హో-చంక్ నాయకుడిదే. ఆ తెగను ప్రభుత్వం 1848లో ఇక్కడి నుంచి తరలించింది. మరుసటి ఏడే తెల్లవాళ్ళు ఊరు కట్టుకున్నారు. పేరు మాత్రం ఉంచుకున్నారు.

రాత్రి ఎనిమిదిన్నరకు తీరిగ్గా భోజనానికి బయలుదేరడం మా పొరపాటు. ఒక హోటల్లో వంటగది కట్టేశామన్నారు, రెండో చోట కుర్చీలు బల్లల మీదకు ఎక్కించి నేల తుడుస్తున్నారు. ఈ ఊళ్ళో రాత్రి భోజనం అంటే సాయంత్రం ఆరు గంటలని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. చివరకు విప్పీ డిప్ అనే ఐస్‌క్రీమ్ దుకాణం ముందు బారెడు వరుస కనిపిస్తే అక్కడే నిలబడి, ఇరవై డాలర్లకు కాస్త అటూ ఇటూగా అయిదుగురమూ ఐస్‌క్రీమ్‌తో రాత్రి భోజనం కానిచ్చాము. మనవడి జీవితంలో అంత మంచి రోజు మరొకటి లేదట.

శుక్రవారం: విత్తనాల కొట్టు

నేను ఈ ప్రయాణానికి సరేనన్నది నిజానికి ఈ రోజు కోసమే. ఊరికి ఉత్తరంగా ఆరేడు మైళ్ళ దూరంలో, పాత రకాల విత్తనాలను కాపాడే సీడ్ సేవర్స్ ఎక్స్చేంజ్ అనే సంస్థ వారి హెరిటేజ్ ఫార్మ్ ఉంది. దాదాపు 890 ఎకరాలు. దారి సులువే, కానీ లోయలోకి దిగగానే ఫోనులో సిగ్నల్ పోయింది, మా అబ్బాయి ధైర్యం చేసి కంకర రోడ్డు పట్టాడు. ఆ రోడ్డు రెండు మలుపులు తిరిగి ఒక రైతు ఇంటి వాకిట్లో అంతమైంది. కుక్క మొరిగింది. టోపీ పెట్టుకున్న డెబ్బై ఏళ్ళ పెద్దాయన గడ్డి కోసే బండి ఆపి దిగి వచ్చాడు. పరాయి ఇంటి ఆవరణలోకి చొరబడ్డామే అని మేము బిక్కచచ్చి కూర్చుంటే, ఆయన ముందుగా ఎండ గురించి రెండు మాటలు, వాన గురించి మూడు మాటలు మాట్లాడి, ఆ తర్వాతే ఏం కావాలని అడిగాడు. ఈ ప్రాంతపు మర్యాద ఇది. అసలు పనిని చివర్లో, అదేదో అప్పుడే గుర్తొచ్చినట్టు ఎత్తాలి. మన పల్లెల్లోనూ పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాడు ముందు పాడి గేదె గురించి అడుగుతాడు కదా.

నేను వ్యవసాయ శాఖలో పనిచేశానని అబ్బాయి చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. మాకు ఎంత పొలం ఉందని అడిగాడు. నాలుగున్నర ఎకరాలన్నాను. ఆయన ఒక క్షణం ఆగి, ఎంతో మన్నన నిండిన గొంతుతో, అది తోట కోసం ఉంచుకున్నదా అని అడిగాడు. మొత్తం అంతేనని, దానిమీదే మా నాన్నగారు నలుగురు పిల్లలను చదివించారని చెప్పాను. ఆయన టోపీ తీసి తల గోక్కుని మళ్ళీ పెట్టుకున్నాడు. తన పొలం అయిదు వందల ఎకరాలనీ, అయినా ఈ రోజుల్లో అది చిన్న కమతం కిందే లెక్కనీ అన్నాడు. దారి చెప్పడంతో సరిపెట్టక, తన పికప్ ట్రక్కు తీసి మా ముందు నడిచి, ఫార్మ్ బోర్డు కనిపించే వరకు తీసుకెళ్ళి, స్టీరింగ్ మీద నుంచి రెండు వేళ్ళు పైకెత్తి వెళ్ళిపోయాడు. ఇక్కడి రోడ్ల మీద ఎదురొచ్చే ప్రతి బండివాడూ అలా రెండు వేళ్ళు లేపుతాడు. మూడో రోజుకు మా అబ్బాయికి కూడా ఆ అలవాటు వచ్చింది.

ఈ సంస్థ పుట్టిన తీరు వింటే మన ఇళ్ళలో ఉట్టి మీద వేలాడే విత్తనాల మూటలు గుర్తొస్తాయి. డయేన్ ఆట్ వీలీ అనే ఆమెకు ఆమె తాతగారు తమ పెరటి కాశీరత్నం లాంటి తీగ మొక్క విత్తనాలు, గులాబీ రంగు టమాటా విత్తనాలు ఇచ్చాడు. రెండూ ఆయన పెద్దలు జర్మనీలోని బవేరియా నుంచి వస్తూ తెచ్చుకున్నవి. తాతగారు పోయాక, ఇలాంటి విత్తనాలు ఇంకెన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళతోపాటు పోతున్నాయో అన్న ఆలోచనతో ఆమె, ఆమె భర్త కెంట్ 1975లో ఉత్తరాల ద్వారా విత్తనాల మార్పిడి ప్రారంభించారు. ఇవాళ ఇక్కడ ఇరవై వేలకు పైగా రకాలు భద్రంగా ఉన్నాయి. కొన్నింటి నకళ్ళు నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో విత్తనాలు దాచే మంచు గిడ్డంగికి కూడా పంపారు.

ఎర్రటి పశువుల కొట్టం గోడ మీదికి ఆ తాతగారి తీగ పాకి ఉంది. ఊదా రంగు పువ్వు, గొంతులో ఎర్రటి నక్షత్రం. ఉదయం పదకొండుకే ముడుచుకోవడం మొదలైంది. నేను దగ్గరికి వంగి చూశాను. పాత ఆకుల సందున ఒకటి రెండు కాయలు అప్పుడే కట్టాయి. గుండ్రని చిన్న కాయ, పచ్చిది, ఎండితే వేలితో నొక్కగానే చిట్లే రకం. నల్లటి మూడంచుల గింజలు అందులో తయారవుతాయి. ఒక మనిషి కోటు జేబులో సముద్రం దాటడానికి అంతకన్నా వీలైన వస్తువు ఉండదు.

కొట్టం వెనుక తెల్లని ఒళ్ళు, నల్లని చెవులు, నల్లని మూతులు ఉన్న ఆవులు మేస్తున్నాయి. వైట్ పార్క్ అనే పాత జాతి. కొండవాలున వందల రకాల ఆపిల్ చెట్ల తోట. తోటలో కలుపు తీస్తున్న ఒక యువతిని విత్తనం చెడకుండా ఎన్నేళ్ళకోసారి మళ్ళీ నాటుతారని అడిగితే, ఆమె కలుపుగోరు పక్కన పెట్టి అరగంట వివరించింది. దోస జాతి తీగలకు తేనెటీగ మరో రకం పుప్పొడి తేకుండా గుడ్డ పందిళ్ళు కట్టి, లోపలికి వేరుగా తేనెటీగలను వదులుతారట. నా ఉద్యోగంలో మొదటి పదేళ్ళు ఊరూరా తిరిగి అధిక దిగుబడి వంగడాలు వేయమని చెప్పింది నేనే. అక్కుళ్ళు, కృష్ణ కాటుకలు వేసుకునే రైతుల చేత మాన్పించి, ఆ తర్వాత సాంబ మసూరి వేయించాను. తప్పు చేశానని అనను, ఆకలి రోజులవి. అయితే ఆ పాత వడ్లు ఒక్కో కుంచెడైనా విడిగా దాచమని ఎవరికీ చెప్పలేదు. జహీరాబాద్ వైపు ఆడవాళ్ళు పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద గంపలకెత్తి ఊరేగించే గింజలు మాత్రం ఆ మాట ఎవరూ చెప్పకుండానే మిగిలాయి.

దుకాణంలో తాతగారి తీగ విత్తనాల పొట్లం నాలుగు డాలర్ల లోపే. తెనాలి తీసుకెళ్ళాలని మనసు లాగింది గానీ, దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనం దేశంలోకి తేకూడదని 2003 నాటి ఉత్తర్వు గురించి పది మందికి పాఠం చెప్పినవాణ్ణి. పొట్లం కొని కోడలి చేతికిచ్చాను. మే నెలలో మంచు పోయాక వాళ్ళ పెరటి కంచె వెంట నాటుతుంది.

శనివారం: అప్పడాల కర్ర

ఊరేగింపు పొద్దున. దానికి ముందు రాత్రే వాటర్ స్ట్రీట్ పొడవునా కాలిబాట మీద జనం మడత కుర్చీలు వేసి వెళ్ళిపోయారు. తెల్లవారేదాకా వాటిని ఎవరూ కదపలేదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద జేబురుమాలు వేసి, అది మన సీటేనని ఎక్కిన వాళ్ళతో పోట్లాడిన అనుభవం ఉన్నవాడిని, ఆ కుర్చీల వరుస చూసి కాసేపు నమ్మలేకపోయాను. మాకు కుర్చీల్లేవు. మేము నిలబడి ఉండటం చూసి పక్కనున్న దంపతులు, తమ కూతురు రావడం లేదంటూ రెండు కుర్చీలు ఇటు జరిపారు. కూతురు ఊరేగింపు సగంలో రానే వచ్చింది, వచ్చి నేల మీద కూర్చుంది.

ఆడవాళ్ళు బూనాడ్ అనే పండుగ దుస్తుల్లో ఉన్నారు. ఉన్ని గౌను, తెల్ల చొక్కా, గొంతు దగ్గర చిన్న చిన్న రేకులు వేలాడే వెండి పిన్ను. నార్వేలో ఏ ప్రాంతం వారిదో కుట్టుపనిని బట్టి చెప్పేయవచ్చునట, మన దగ్గర చీర అంచు చూసి వెంకటగిరో గద్వాలో చెప్పినట్టు. ఆ ఎండలో ఉన్ని వేసుకుని నవ్వుతున్న వాళ్ళ ఓపికకు దండం పెట్టాలి. బడి పిల్లలు వీధిలో జంటలు జంటలుగా నార్వే నాట్యం చేశారు. వాళ్ళలో చాలామందికి నార్వే మాట ఒక్కటీ రాదని పక్కావిడ చెప్పింది.

వీధి పొడవునా తిండి. ఎండబెట్టిన కాడ్ చేపను క్షారపు నీటిలో నానబెట్టి ఉడికించే లూటఫిస్క్ తినడంలో పోటీ కూడా ఉంది. మా అబ్బాయి ఒక ముక్క రుచి చూసి, మర్యాదగా మింగి, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. శాకాహారులమైన మాకు రొమ్మెగ్రోట్ దొరికింది. పులిసిన మీగడ, పిండి కలిపి ఉడికించి, పైన వెన్న, పంచదార, దాల్చినచెక్క పొడి వేసిన జావ. వేడి తగ్గాక చిక్కబడుతుంది. వెన్న పైకి తేలి పసుపుపచ్చగా మెరుస్తుంది. రెండు చెంచాలు అమృతం, మూడో చెంచాకు కడుపు నిండుతుంది.

అన్నిటికన్నా లెఫ్సా దగ్గర మా ప్రయాణం నిలిచిపోయింది. ఒక గుడారం కింద తెల్ల జుట్టు ఆవిడ అది చేసి చూపిస్తోంది. ఉడికించి మెత్తగా చిదిమిన బంగాళదుంపలో వెన్న, మీగడ కలిపి చల్లార్చి, ఒత్తే ముందు మాత్రమే గోధుమపిండి కలుపుతారు. గుడ్డ తొడిగిన గుండ్రటి పీట మీద పిండి చల్లి, నిండా గాడులున్న కర్రతో ఒత్తుతారు. ఆ గాడుల వల్ల రొట్టె మీద సన్నని చారలు పడతాయి, పీటకు అంటుకోదు. అడుగున్నర వెడల్పు, కాగితమంత పల్చన. దాన్ని చేత్తో ఎత్తితే చిరిగిపోతుంది కనుక, రంగులు వేసిన పిడి ఉన్న పొడవాటి పలుచని బద్దను రొట్టె మధ్య కిందుగా దూర్చి, బట్ట ఆరేసినట్టు లేపి, పెద్ద పెనం మీద చాప పరిచినట్టు దొర్లిస్తారు. గోధుమరంగు మచ్చలు పడగానే అదే బద్దతో తిప్పుతారు. నూనె చుక్క లేదు. తీసి, వెన్న రాసి, పంచదార చల్లి, చుట్ట చుట్టి మూడు డాలర్లకు చేతిలో పెడతారు.

మా ఆవిడ తినడం మానేసి చేతులనే చూస్తోంది. కాసేపటికి కోడలితో, "అంచులు ముందు ఒత్తాలే, మధ్యలో బలం పెడితే నక్షత్రంలా చీలుతుందని చెప్పు" అంది. కోడలు మొహమాటపడుతూనే చెప్పింది. ఆ పెద్దావిడ ఒక్క మాట అనకుండా కర్ర మా ఆవిడకు అందించింది. నలభై అయిదేళ్ళుగా చపాతీలు, అప్పడాలు, బొబ్బట్లు ఒత్తిన చెయ్యి కదా. రెండు నిమిషాల్లో గుండ్రంగా వచ్చింది, కానీ బద్ద దూర్చి లేపడం తెలియక పెనం మీద మడతపడింది. ఇద్దరూ నవ్వారు. రెండోది బద్ద పని పెద్దావిడ చేసింది, ఒత్తుడు మా ఆవిడ చేసింది. ఇద్దరి మధ్య అనువదించే పని కోడలికి ఆ తర్వాత ఎక్కువగా పడలేదు. అరగంటలో ఎనిమిది లెఫ్సాలు చేశారు. మడతపడిన మొదటిదానికి ఆవిడ డబ్బు తీసుకోలేదు.

మధ్యాహ్నం ఎండ తట్టుకోలేక నది దాటి ఐస్ కేవ్ అనే గుహకు వెళ్ళాము. చలికాలపు గాలి బరువుగా గుహ లోతుల్లోకి దిగి రాతిని గడ్డకట్టిస్తుంది. వసంతంలో పైన మంచు కరిగి రాళ్ళ సందుల్లోంచి కారిన నీరు ఆ చల్లని రాతిని తాకి గడ్డకడుతుంది. అందుకే బయట వేసవి వచ్చాక కూడా లోపల మంచు ఉంటుంది. మేము వెళ్ళేసరికి అది పల్చబడి గోడ మూలన మసక గాజులా మిగిలింది. ద్వారం దగ్గరే ఒంటికి తగిలిన చల్లగాలికి మనవడు తెలుగులో, "నాయనమ్మా, ఫ్రిజ్!" అన్నాడు. అక్కడికి దగ్గర్లోనే డన్నింగ్స్ స్ప్రింగ్ ఉంది. కొండ కడుపులోంచి పుట్టిన ఊట సుమారు 200 అడుగుల కిందికి మెట్లు మెట్లుగా దూకుతుంది. చెప్పులు విడిచి పాదాలు పెట్టాను, పది లెక్కపెట్టే లోపు తీసేశాను.

ఆదివారం: అమ్మని గడియారాలు

తిరుగుప్రయాణానికి ముందు నైరుతి దిక్కున పన్నెండు మైళ్ళలో ఉన్న స్పిల్‌విల్ అనే ఊరికి వెళ్ళాము. అది చెక్ వాళ్ళ ఊరు. ప్రసిద్ధ స్వరకర్త ద్వోర్జాక్ 1893 వేసవిలో కుటుంబంతో వచ్చి, న్యూయార్క్ రద్దీ నుంచి తప్పించుకుని, తన భాష మాట్లాడే మనుషుల మధ్య ఇక్కడ ఉన్నాడు. నాలుగు తీగవాద్యాల కోసం కూర్చే స్ట్రింగ్ క్వార్టెట్లలో తన పన్నెండోదాన్ని ఇక్కడే రాశాడు. ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేవాడట. ఆయన ఉన్న ఇంట్లోనే ఇప్పుడు కింది అంతస్తులో బిలీ సోదరుల గడియారాలు ఉన్నాయి.

జోసెఫ్, ఫ్రాంక్ రైతులు. పొలం పని లేని చలికాలపు రాత్రులలో కొయ్య చెక్కి, మనిషెత్తు గడియారాలు చేశారు. గంట కొట్టగానే ఒకదాంట్లోంచి యేసు శిష్యులైన పన్నెండు మంది అపోస్తలులు వరుసగా బయటికి వచ్చి తిరుగుతారు. వీటిలో ఒకదానికి హెన్రీ ఫోర్డ్ 1928లో పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడని, అన్నదమ్ములు ఇవ్వలేదని గైడు చెప్పాడు. 1946లో వాటన్నిటినీ ఊరికి ఇచ్చేశారు, ఎప్పటికీ అమ్మకూడదనీ ఊరు దాటించకూడదనీ షరతు పెట్టి. మా అబ్బాయి ఆ పది లక్షల విలువ ఈ రోజుల్లో ఎంతవుతుందో ఫోనులో లెక్క వేయడం మొదలుపెట్టాడు. ఇక్కడ సిగ్నల్ బాగానే ఉంది.

తిరిగి వచ్చే దారిలో రోడ్డు పక్కన ఒక బల్ల, బల్ల నిండా తాజా మొక్కజొన్న పొత్తులు, డజను ఆరు డాలర్లు అని చేతిరాత అట్ట, మూతకు చీలిక ఉన్న రేకు డబ్బా. మనిషి లేడు. డబ్బాకు తాళం కూడా లేదు. మా దగ్గర ఇరవై డాలర్ల నోటు తప్ప చిల్లర లేదు. అబ్బాయి ఇరవై వేసేద్దామన్నాడు. "ఎక్కువ వేస్తే వాళ్ళు లెక్క తప్పిందని బాధపడతారు" అంది మా ఆవిడ, తక్కువ వేయడం గురించి ఎవరూ మాట్లాడనే లేదు. అప్పుడు మనవడు తన సంచిలోంచి పావలా డాలర్ల నాణేలు దాచుకున్న సీసా తీశాడు. ఇరవై నాలుగు కావాలి. నాయనమ్మ షరతు పెట్టింది, తెలుగులో లెక్కపెడితేనే, ఇంటికెళ్ళాక రెట్టింపు తాతయ్య ఇస్తాడని. నన్ను ఎవరూ అడగలేదు.

ఒకటి, రెండు అంటూ ఒక్కొక్కటే చీలికలో వేశాడు. రేకు డబ్బా అడుగున నాణెం పడిన చప్పుడు విని తర్వాతది చెప్పాడు. పద్దెనిమిది దాటాక ఆగిపోయాడు. నాణెం వేళ్ళ మధ్య పట్టుకుని నాయనమ్మ ముఖం చూశాడు. ఆవిడ ఏమీ చెప్పలేదు, పొత్తుల పీచు పక్కకు జరిపి గింజ నాణ్యత చూస్తోంది. పికప్ ట్రక్కు ఒకటి పోతూ పోతూ రెండు వేళ్ళు లేపింది. "పంతొమ్మిది" అన్నాడు వాడు గట్టిగా, ఆ తర్వాత అయిదూ గబగబా వేసేశాడు. మేము డజను పొత్తులు సంచిలో వేసుకుని కారెక్కాము.